సర్కారు తుమ్మ - నేలలో కర్బనం

అమెరికా ఖండాల ఉష్ణప్రాంతాలకు చెందిన సర్కారు తుమ్మను 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. నేడు సికింద్రాబాద్ పరిసరాల ఖాళీ జాగాల్లోనూ కనిపిస్తుంది. వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. రాలిన ఆకులు, చచ్చిన వేళ్లు కుళ్లి, సేంద్రియ పదార్థం తక్కువగా ఉండే ఎర్ర చెల్క నేలకు కర్బనాన్ని చేరుస్తాయి. చవుడు భూముల్లో ఈ మేలు మరీ స్పష్టం. కానీ ఇది గడ్డిభూముల్లోకి చొరబడితే లెక్క మారుతుంది: దట్టమైన నీడ కింద గడ్డి నశించి, దాని పీచువేళ్ల నుంచి మట్టికి అందే కర్బనం తగ్గుతుంది. మరో విదేశీ చెట్టు, ఆస్ట్రేలియాకు చెందిన నీలగిరి (యూకలిప్టస్) తోటల్లో ఆకు నిదానంగా కుళ్లుతుంది. కొన్నేళ్లకోసారి చెట్లు నరికి నేల దున్నితే మట్టిలోని కర్బన నిల్వలో కొంత బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. కర్బనం పేరిట ఎక్కడపడితే అక్కడ విదేశీ చెట్లు నాటడం తప్పు. దక్కన్ పొడి అడవుల్లో మోదుగ, ఇప్ప, నల్లమద్దిలకే మొదటి చోటు దక్కాలి.