చన్నీటి లోతులు నేర్పిన పాఠాలు

2023 అక్టోబరు 21న తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుండి గగన్‌యాన్ పరీక్షావాహనం ఎగిరింది. వ్యోమగాములు ప్రయాణించవలసిన మాడ్యూలు నమూనా పారాచూట్లతో బంగాళాఖాతంలో దిగి, నీటిలో తలక్రిందులైంది. దానిని ఒడిసిపట్టి ఓడకు చేర్చడంలో నౌకాదళపు గజఈతగాళ్ల పాత్ర కీలకం. రాకెట్టును చూచి సంతోషించిన మనలో, ఆ ఈతగాళ్ల విద్య ఎక్కడ రూపుదిద్దుకొన్నదో ఆలోచించినవారు తక్కువ. దానిలో అధికభాగం చల్లని సముద్రాలలో, ఎందరో ప్రాణాలను మూల్యంగా చెల్లించిన తరువాత సమకూడినదే.

1856లో ఇంగ్లండులోని వేమత్ వద్ద విలియం థాంప్సన్ కెమెరాను ఒక పెట్టెలో బిగించి సముద్రంలోకి దించాడు. పెట్టెలోకి నీరు చొరబడినా ఒక మసక చిత్రం దక్కింది. ఆయన మాత్రం పడవ దిగలేదు. 1893లో ఫ్రాన్సు జీవశాస్త్రజ్ఞుడు లూయీ బూటాన్ తానే నీటి అడుగుకు వెళ్లి చిత్రాలు తీశాడు. ఆనాడు ఒక్కొక్క చిత్రానికి అరగంట వరకు పట్టేది. అంతసేపు నీటి అడుగున నిలవవలసి వచ్చినప్పుడు, కెమెరా కంటే దేహం పెద్ద సమస్య అయింది.

మొదటి సమస్య పీడనం. లోతుకు వెళ్లినకొద్దీ నత్రజని రక్తంలో, కణజాలంలో కరుగుతుంది. తొందరపడి పైకి వస్తే, మూత తీసిన గోలీసోడాలో వలె బుడగలుగా వెలువడి కీళ్లనొప్పులు, పక్షవాతం, మరణం కూడ కలిగిస్తుంది. ఈ కారణాన్ని 1878లో పాల్ బెర్ట్ వివరించాడు. 1908లో జాన్ హాల్డేన్ మేకలపై ప్రయోగాలు జరిపి, మెట్లు మెట్లుగా ఆగుతూ పైకి వచ్చే పద్ధతిని పట్టికలుగా ఇచ్చాడు. 1943లో కూస్టో, గాన్యాన్ రూపొందించిన పరికరంతో ఈతగాడు గాలిని వీపున మోసుకొని స్వేచ్ఛగా తిరగగలిగాడు.

రెండవది చలి. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా దేహపు వేడిని హరిస్తుంది. కొరియాలోని హెన్యో స్త్రీలు పలుచని నూలుబట్టలతోనే శీతకాలపు సముద్రంలో మునిగి గవ్వజాతి ప్రాణులను, సముద్రపు నాచును ఏరేవారు. చలికాలంలో వారి దేహం అధికంగా వేడిని పుట్టించేదని 1960లలో శాస్త్రజ్ఞులు గమనించారు. 1970లలో రబ్బరు దుస్తులు వచ్చిన తరువాత ఆ శక్తి క్రమంగా అంతరించింది. చలిని ఓర్చే శక్తి పుట్టుకతో వచ్చిన వరం కాదు, అలవాటుతో వచ్చి అలవాటు తప్పగానే పోయేది.

ఈ చరిత్రతో మనకేమి పని అని అడుగవచ్చు. తలకోన మడుగులలో, కొండవాగులలో ఏటా యువకులు దిగుతూనే ఉన్నారు. ఈత వచ్చినవాడు ఎలా మునిగాడని తల్లిదండ్రులు వాపోతారు. చల్లని నీటిలో ఒక్కసారిగా దూకినవానికి తన ప్రమేయం లేకుండానే ఎగశ్వాస వస్తుంది. ఆ క్షణంలో నోరు నీటిలో ఉంటే నీరే లోపలికి పోతుంది. గుండెవేగం, రక్తపోటు హఠాత్తుగా పెరుగుతాయి. 25 డిగ్రీల నీటిలోనూ ఇది మొదలుకావచ్చు. మొదటి అరనిమిషంలో తీవ్రంగా ఉండి, రెండు మూడు నిమిషాలలో తగ్గుతుంది. అంటే ప్రాణం తీసేది చాలాసార్లు అలసట కాదు, తొలి నిమిషమే.

కనుక దూకవద్దు. మెల్లగా దిగండి. పొరపాటున పడితే వెంటనే ఈదబోక, వెల్లకిల తేలి, ఊపిరి కుదుటపడే వరకు ఆగండి. గుండెజబ్బు, అధిక రక్తపోటు గలవారు చన్నీటి మునకలు మానాలి. మద్యం తాగి నీటిలోకి దిగరాదు.

కార్తికంలో కపిలతీర్థానికి వెళ్లిన మన పెద్దలు ముందు పాదాలు తడిపి, తలపై నీళ్లు చల్లుకొని, ఆపైనే మునిగేవారు. వారు దానిని భక్తిగానే పాటించారు. ఒక్కసారిగా మునగరాదన్న జాగ్రత్తను మాత్రం వైద్యుడు కూడ మెచ్చుకోక తప్పదు.