ఫోర్క్‌లిఫ్ట్ సేఫ్టీ: తాళంచెవి బదులు కార్డు.. గుద్దితే వెంటనే అలర్ట్.. గోడౌన్లలో ఈ టెక్నాలజీ ఎలా పనిచేస్తుందంటే..?

శంషాబాద్, మేడ్చల్ వైపు పెద్ద గోడౌన్లలో లారీ నుంచి సరుకు దించాలన్నా, పై ర్యాక్‌లో పెట్టాలన్నా ఫోర్క్‌లిఫ్టే దిక్కు. రెండున్నర టన్నులు ఎత్తే బండి ఖాళీగానే దాదాపు 3.5 టన్నులకు పైగా ఉంటుంది. అంటే మూడు చిన్న కార్ల బరువు! అది ఇరుకు దారుల్లో మనుషుల మధ్యే తిరుగుతుంది. అందుకే చాలా కంపెనీలు ఈ బండ్లకు ‘ఫ్లీట్ మేనేజ్‌మెంట్’ పరికరాలు బిగిస్తున్నాయి.

ముప్పు ఎక్కడుంది?

ఫోర్క్‌లిఫ్ట్ వెనక చక్రాలతో మలుపు తిరుగుతుంది. ఆ టైమ్‌లో వెనక భాగం విసురుగా బయటికొస్తుంది. పక్కనున్నవాళ్లకు తగిలేది అదే. లోడ్ పైకెత్తి స్పీడ్‌గా తిప్పితే బండే బోల్తా పడుతుంది.

పరికరం ఏం చేస్తుంది?

* కార్డు లేదా పిన్ ఉంటేనే బండి స్టార్ట్ అవుతుంది. ట్రైనింగ్ లేనివాళ్లు ఎక్కి నడపలేరు.
* షిఫ్ట్ మొదట్లో బ్రేకులు, హారన్, ఫోర్కులు, చైన్లు, టైర్లు చూసి స్క్రీన్‌పై నమోదు చేయాలి. బ్రేక్ బాగాలేదంటే బండి లాక్ అయ్యేలా సెట్ చేయొచ్చు. అమెరికాలో ఇలా రోజూ చెక్ చేయడం చట్టప్రకారం తప్పనిసరి.
* గట్టిగా గుద్దుకుంటే సెన్సర్ పసిగట్టి సూపర్‌వైజర్‌కు మెసేజ్ పంపుతుంది.

గుద్దిన తర్వాతే అసలు కథ

రాత్రి షిఫ్ట్‌లో ర్యాక్ కాలు వంగిందనుకుందాం. భయంతో ఎవరూ నోరు విప్పరు. వంగిన కాలు మీద టన్నుల సరుకు అలాగే ఉంటుంది. ఎప్పుడో అది కూలితే కిందున్నవాళ్ల గతేంటి? సెన్సర్ ఉంటే ఏ బండి, ఏ టైమ్, ఎవరి కార్డు అన్నది అప్పుడే తెలుస్తుంది. వెంటనే ర్యాక్ ఖాళీ చేయించి రిపేర్ చేయించొచ్చు.

అలాగని అలర్ట్ రాగానే ఆపరేటర్ జీతం కోస్తే మొదటికే మోసం. గచ్చు గతుకులు, డాక్ ప్లేట్ కుదుపులు కూడా దెబ్బలుగా నమోదవుతుంటాయి. సెన్సర్‌ను ముందు సరిగ్గా సెట్ చేసుకోవాలి. ఒకే మలుపులో నలుగురు వేర్వేరు ఆపరేటర్లు గుద్దారంటే తప్పు మనుషులది కాకపోవచ్చు, ఆ మలుపుదే కావొచ్చు. అక్కడ అద్దం, లైటు పెట్టాలి. నడిచేవాళ్లకు దారి విడిగా ఇవ్వాలి.

పని ఎలా పెరుగుతుంది?

బండి ఆన్‌లో ఉన్న గంటలు, కదిలిన గంటలు, సరుకు ఎత్తిన గంటలు విడివిడిగా తెలుస్తాయి. ఆన్‌లో ఉండి కదలని బండ్లు ఎక్కువైతే కొత్తవి కొనక్కర్లేదు, ఉన్నవాటినే అవసరమైన చోటికి మార్చొచ్చు. క్యాలెండర్ చూసి కాకుండా నడిచిన గంటలను బట్టి సర్వీసింగ్ చేయించొచ్చు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జ్ 20 శాతం కంటే కిందికి పోకుండా కనిపెట్టొచ్చు. ఆ జాగ్రత్త తీసుకుంటే బ్యాటరీ ఎక్కువకాలం మన్నుతుంది.

ఇది మాత్రం గుర్తుంచుకోండి

ఏ పరికరమున్నా సీట్ బెల్ట్ తప్పనిసరి. సీట్లో కూర్చుని నడిపే బండి బోల్తా పడుతుంటే బయటికి దూకొద్దు. దూకినవాళ్ల మీదే బండి పడే ప్రమాదముంది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, కాళ్లు నేలకు అదిమిపెట్టి, బండి పడే వైపుకు వ్యతిరేకంగా వంగాలి.