కొకేషి బొమ్మ: కథ ఎవరిది, చెప్పింది ఎవరు?

మన సంస్కృతి గురించి రాసుకునే సంచికలో జపాన్ బొమ్మ ఎందుకని యువ మిత్రులు అడగవచ్చు. జానెడు చెక్కబొమ్మ చరిత్రలో కొండ ఉంది, అడవి ఉంది, పోయిన హక్కు ఉంది, బయటివారు అంటగట్టిన కథ కూడా ఉంది. అందుకే దాన్ని మీ ముందు ఉంచుతున్నాం.

ఆ బొమ్మ పేరు కొకేషి. గుండ్రని తల, స్తంభం లాంటి ఒళ్ళు. చేతులూ లేవు, కాళ్ళూ లేవు. జపాన్ ఈశాన్యాన ఉన్న తోహోకు ప్రాంతం దాని పుట్టిల్లు. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అక్కడి వేడినీటి బుగ్గల ఊళ్ళలో ఇది రూపు దిద్దుకుంది. సేద్యం పనులు ముగిశాక రైతులు అలసట తీర్చుకోవడానికి ఆ బుగ్గలకు వెళ్ళి కొన్నాళ్ళు ఉండేవారు. తిరిగి వచ్చేటప్పుడు పిల్లలకు ఒక బొమ్మ తెచ్చేవారు. ఎరుపు మశూచిని దగ్గరకు రానివ్వదని ఆనాటి నమ్మకం. అందుకే ఆ బొమ్మల మీద ఎర్రరంగు ఎక్కువ.

వాటిని చేసినవారు కిజిషీలు. కొండల్లో ఉంటూ తరిమెన మీద, అంటే ఇప్పటి మాటలో లేత్ మీద, గిన్నెలు, పళ్ళేలు చేసే పనివారు. వారికొక మూలపురుషుడి గాథ ఉంది. 9వ శతాబ్దంలో మొంతోకు చక్రవర్తి పెద్ద కొడుకు కోరెతకకు సింహాసనం దక్కలేదు. ఆయన ఓమి సీమ కొండల్లో చేరి, చుట్టిన గ్రంథం తాడు లాగితే గిర్రున తిరగడం చూసి తరిమెనను ఊహించి, అక్కడివారికి నేర్పాడట. ఏ కొండ మీదనైనా చెట్టు కొట్టుకునే హక్కు ఉందని చెప్పే పత్రాలను కిజిషీలు ఆయన పేరుతోనే వెంట ఉంచుకునేవారు. మంచి చెట్లున్న చోట ఆగేవారు, అవి తరిగాక మరో కొండకు సాగేవారు. ఆ పత్రాల్లో చాలావరకు తర్వాతి కాలంలో పుట్టించినవేనని చరిత్రకారులు అంటారు. అయినా తరతరాలుగా వారిని నిలిపింది ఆ గాథే.

1868 తర్వాత వచ్చిన మెయిజి ప్రభుత్వం నేలకూ అడవికీ యజమానులను తేల్చింది. పాత పత్రాలు చెల్లలేదు. కొండకొండకూ తిరిగినవారు ఒకచోట స్థిరపడక తప్పలేదు. మన పెద్దల నోట అడవి చట్టాల సంగతి విన్నవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఒక్కో లోయది ఒక్కో పద్ధతి. ముఖ్యమైనవి 11 అని లెక్కిస్తారు. నరుకొ బొమ్మ తల తిప్పితే కీచుమంటుంది. త్సుచియు బొమ్మ నడినెత్తిన వలయాలు ఉంటాయి. నాంబు బొమ్మకు చాలావరకు రంగు వేయరు. దాని తల వదులుగా ఊగుతుంది. పసిపిల్లలు దాన్ని నోట పెట్టుకుని చప్పరించేవారు. పేర్లు కూడా ఊరికొకటి ఉండేవి. 1940లో నరుకొలో జరిగిన సమావేశంలో అందరికీ కలిపి 'కొకేషి' అన్న పేరు ఖాయం చేశారు.

ఆ పేరు మీదే 1960ల నుంచి ఒక కథ పాకింది. 'కొ' అంటే బిడ్డ, 'కెషి' అంటే చెరిపివేయడం, కాబట్టి కరువులో తల్లిదండ్రులు చంపుకున్న పసికందుల గుర్తుగా ఈ బొమ్మ చేశారని. తోహోకు ఘోరమైన కరువులు చూసిన మాట నిజమే. కానీ ఆ చావులకూ ఈ బొమ్మకూ ముడివేసే పాత ఆధారం లేదు. 1860 నాటి ఒక చెక్కపనివాడి పద్దుపుస్తకంలో ఇది మామూలు సరుకుల మధ్యే కనిపిస్తుంది. 'కెషి' అన్నది చిన్నపిల్లల నెత్తిన ఉంచే పిలకను గుర్తుచేసే మాట అని పరిశోధకులు చెబుతారు. బిడ్డ చల్లగా ఉండాలని కొనిచ్చిన బొమ్మను బిడ్డను చంపిన గుర్తుగా మార్చేశారు. విషాదం త్వరగా పాకుతుంది, పద్దుపుస్తకం ఎవరూ తెరవరు.

యువ మిత్రులారా, మన డోలు గురించీ, మన పండుగల గురించీ, మన పేర్ల గురించీ ఇలాంటి కథలు ఎన్ని నడుస్తున్నాయో చూడండి. తోహోకులో తాత నుంచి మనవడికి, గురువు నుంచి శిష్యుడికి పని చేతులు మారింది కాబట్టే అసలు సంగతి నేటికీ చెప్పగలిగేవారు ఉన్నారు. మన పెద్దలు ఉండగానే వారి దగ్గర కూర్చుని అడుగుదాం. ఊరి పేరు, ఏడాది, చెప్పినవారి పేరు, అన్నీ రాసిపెడదాం. మన కథ మనం రాయకపోతే మరొకరు రాస్తారు.