పిలిస్తే పలికే దూరం

కుళాయి నీళ్ళు ఆగిపోతే మనం మునిసిపాలిటీ ఆఫీసుకెళ్ళి నిలదీస్తాం. ఆ ఆఫీసు వెయ్యి కిలోమీటర్ల అవతల ఉంటే?

గ్రీన్లాండ్‌లో 2009లో 18 మునిసిపాలిటీలను నాలుగు చేశారు. ఉత్తరాదిన ఎనిమిదింటిని కలిపితే ఏర్పడిందే ఖాసుయిట్సుప్. విస్తీర్ణం సుమారు 6,60,000 చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా అందులో సగం కావు! జనం మాత్రం పదిహేడు వేలు. ఊరికీ ఊరికీ రోడ్డు లేదు. పడవ, విమానం, కుక్కలు లాగే మంచుబండే గతి. ముఖ్య కార్యాలయమేమో ఇలులిస్సాట్‌లో. ఉత్తర కొసనున్న కానాక్ వాళ్ళకు అది సుమారు వెయ్యి కిలోమీటర్లు.

చివరికి 2018 జనవరి 1న దాన్ని అవన్నాటా, కెకెర్తలిక్ అని రెండు చేశారు. చూశారా, ఇల్లు పెద్దదైతే చాలదమ్మా. పిలిస్తే పెద్దదిక్కు పలకాలి.