ఒకే మూలము, రెండు ప్యాకేజీలు

కంప్యూటరు ప్రోగ్రాముల మూలరచనను ఎవరైనను చదివి, సవరించి, ఇతరులకు పంచు హక్కున్నచో వానిని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అందురు. అట్టి ప్రోగ్రాములను ప్యాకేజీలుగా కూర్చి అందించుటకై 1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ప్రారంభించెను. తమ వ్యవస్థ స్వేచ్ఛలేని సాఫ్ట్‌వేరుపై ఎన్నడును ఆధారపడదని డెబియన్ వారు 1997లో మాట యిచ్చిరి.

పదేండ్లకు ఆ మాటకొక పరీక్ష వచ్చినది. గ్రాఫిక్స్ ప్రాసెసరు తెరపై బొమ్మలు చూపుటకు పుట్టినది. అనేకమైన లెక్కలను ఒక్కసారిగా చేయగలదు. 2007లో ఎన్‌విడియా కంపెనీ క్యూడా అను సాఫ్ట్‌వేరును విడుదల చేయగా ఆ శక్తి శాస్త్రజ్ఞులకు అందివచ్చినది. కాని క్యూడా మూలరచన గుప్తము. దానిని చేర్చినచో మాట తప్పును. విడిచినచో వేగము పోవును.

దారి పాత ఏర్పాటులోనే దొరకినది. స్వేచ్ఛా ప్రోగ్రాములకు మెయిన్, స్వేచ్ఛలేనివానికి నాన్‌ఫ్రీ, తాము స్వేచ్ఛగలవైనను పరుల గుప్త సాఫ్ట్‌వేరును కోరువానికి కాంట్రిబ్ అను విభాగములు కలవు. క్యూడా నాన్‌ఫ్రీలో చేరినది. యంత్రములోని ప్రాసెసర్లను, మెమరీని గుర్తించు హెచ్‌డబ్ల్యులాక్ అను సాఫ్ట్‌వేరును ఒకే మూలమునుండి రెండు విధముల నిర్మించిరి. క్యూడా లేనిది మెయిన్‌లోను, క్యూడాతో పనిచేయు ప్లగిన్ కాంట్రిబ్‌లోను చేరినవి. ప్లగిన్ ఉన్నచో ప్రోగ్రాము నడుచునపుడు దానిని తెచ్చుకొనును; లేకున్నను ఆగిపోదు.

కూర్చువారికి శ్రమ హెచ్చినది. అయినను గుప్తభాగమున దోషము పుట్టినచో దానిని దిద్దుట కంపెనీకే సాధ్యము. తక్కినదానిని ఎవరైనను దిద్దుకొనవచ్చును. వేగము కోరువాడు తెలిసియే కోరుకొనును.