కంట్రోలర్ అక్కర్లేని వైఫై యాక్సెస్ పాయింట్లు

విడిగా కంట్రోలర్ (అన్నింటినీ నియంత్రించే పరికరం) లేకుండానే, తమలో తాము సమన్వయం చేసుకుంటూ ఒకే నెట్‌వర్క్‌గా పనిచేసే వైఫై పరికరాలు. అరుబా ఇన్‌స్టంట్, రకస్ అన్‌లీష్డ్ ఈ కోవలోవి. చిన్న బడులు, క్లినిక్‌లు, లాడ్జీలకు అనువైనవి.

పనితీరు: పరికరాల్లో ఒకటి నాయకత్వం వహిస్తుంది. నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్ వంటి సెట్టింగులు దాని ద్వారానే మిగతావాటికి చేరతాయి. అది ఆగిపోతే మరొకటి ఆ బాధ్యత తీసుకుంటుంది.

ఎంపిక: వైఫై కాల్ మాట్లాడుతూ మెట్లెక్కే మనిషికి ఒక పరికరం నుంచి మరోదానికి మారేటప్పుడు మాట తెగకుండా ఉండాలంటే 802.11ఆర్, 802.11కె, 802.11వి ప్రమాణాలున్న పరికరాలు మేలు. నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కరెంటు అందించే స్విచ్ సామర్థ్యాన్ని తప్పక సరిచూడాలి: 802.3ఏఎఫ్ పోర్టు 15.4 వాట్ల వరకు, 802.3ఏటీ పోర్టు 30 వాట్ల వరకు ఇస్తుంది. వేర్వేరు కంపెనీల పరికరాలు సాధారణంగా ఒక జట్టుగా కలవవు. జట్టులో ఎన్నింటిని చేర్చవచ్చో కొనేముందే తెలుసుకోవాలి.