రాజోలు దీవిలో సినిమా డిస్కు
రాజోలు ప్రాంతంలో సినిమా థియేటరు దాటి ఇళ్లలోకి రావడం 1980ల్లో వీడియో క్యాసెట్టుతో మొదలైంది. దాన్ని ఆడించే వీసీఆర్ ఖరీదైన సరుకు. కువైట్, దుబాయ్, మస్కట్‌లకు పనికి వెళ్లినవారు సెలవుకు వచ్చేటప్పుడు కొందరు వెంట తెచ్చుకునేవారు. మిగతావాళ్లకు అద్దెదే గతి. పండక్కో పెళ్లికో తెప్పిస్తే తెల్లవార్లూ మూడు నాలుగు సినిమాలు వరసగా నడిచేవి.

1990ల చివర వీసీడీ (వీడియో సీడీ) వచ్చి క్యాసెట్టును తప్పించింది. ఒక డిస్కులో పట్టేది 74 నిమిషాలే కాబట్టి రెండున్నర గంటల తెలుగు సినిమాకు సాధారణంగా మూడు డిస్కులు పట్టేవి. బొమ్మ అంత గొప్పగా ఉండేది కాదు, కానీ ప్లేయరు చవక, టేపు చుట్టుకుపోయే బెడద లేదు. తర్వాత డీవీడీ నాలుగింతల స్పష్టతతో సినిమా మొత్తాన్నీ ఒకే డిస్కులోకి తెచ్చింది. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకూ, డీవీడీని 34 రూపాయలకూ అమ్మడంతో అసలు డిస్కు కొనడం సామాన్యుడికీ అందుబాటులోకి వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే హైడెఫినిషన్ డిస్కుల కోసం బ్లూరే, హెచ్‌డీ డీవీడీ పోటీపడ్డాయి. 2008 ఫిబ్రవరిలో హెచ్‌డీ డీవీడీ తరఫున ఉన్న తోషిబా తప్పుకోవడంతో బ్లూరే గెలిచింది. డీవీడీ బొమ్మలో 576 వరసలుంటే దీనిలో 1080. ఆ తేడా కనిపించాలంటే కొత్త ప్లేయరుతోపాటు కొత్త టీవీ కూడా కావాలి. ఇళ్లలో ఉన్నవేమో పిక్చర్ ట్యూబు టీవీలు. పైగా తెలుగు సినిమాలు బ్లూరేలో బహు కొద్దిగా వచ్చాయి.  అందుకే ఇక్కడివారికి బ్లూరే కొనడానికి తగిన కారణమే లేకపోయింది.

ఈలోగా దొంగ డిస్కులు అసలు డిస్కుల వ్యాపారాన్ని దెబ్బతీశాయి. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' సినిమా విడుదలకు ముందే బయటికి పొక్కి, కృష్ణా జిల్లా పెడనలో డిస్కులుగా దొరికింది. సెల్ దుకాణాల్లో మెమరీ కార్డులోకి సినిమాలు ఎక్కించుకునే అలవాటు డిస్కు అవసరాన్ని ఇంకా తగ్గించింది.

అసలు మలుపు 2016. సెప్టెంబరులో జియో మొబైల్ ఇంటర్నెట్ వచ్చింది. డిసెంబరులో రాజోలు నియోజకవర్గంలోని సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైంది. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడం వల్ల ఖర్చూ కాలమూ కలిసొచ్చాయి. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్నెట్ ఒకే తీగపై ఇస్తామన్నది అప్పటి పథకం. బ్లూరే పెద్దగా చేరని ఊరికి, కోరిన సినిమా కోరినప్పుడు చూపగల తీగ చేరింది. 2020లో తెలుగు కోసమే 'ఆహా' అనే ఓటీటీ (ఇంటర్నెట్‌లో సినిమాలు చూపే వేదిక) వచ్చింది. 2023 జూన్‌లో ఫైబర్‌నెట్ కొత్త సినిమాను విడుదల రోజే 99 రూపాయలకు ఇంట్లో చూపే సేవ మొదలుపెట్టింది.

అయితే ఈ పద్ధతిలో సినిమా చూసేవారి సొంతం కాదు. హక్కుల ఒప్పందం ముగిస్తే అది జాబితాలోంచి పోతుంది. డిస్కునైతే దాచుకోవచ్చు, పొరుగింటికి ఇవ్వవచ్చు. వీసీడీగా వచ్చి ఏ ఓటీటీలోనూ చేరని పాత సినిమాలకు ఆ డిస్కులే ఆధారం. వాటిలో ఉండే పలచని అల్యూమినియం పూత తేమ తగిలి పాడైతే డిస్కు చదవడానికి పనికిరాకుండా పోతుంది. గోదావరి పాయల మధ్య, సముద్రానికి దగ్గరగా ఉన్న ఈ నేలలో తేమకు కొదవ లేదు.